కొత్తపేట పసుపు

కోనసీమ నుంచి వచ్చే చుట్టాలు ఉత్తచేతులతో రారు. ఒకరు కొబ్బరికాయలు తెస్తారు, ఒకరు ఆత్రేయపురం పూతరేకులు తెస్తారు, ఏమీ కుదరకపోతే ఒక అరటిగెలనైనా బస్సులో వేయించుకుని వస్తారు. కొత్తపేటలో వున్న మా మేనత్త మాత్రం తను రాకపోయినా ఏటా మాఘమాసంలో రెండు కిలోల పసుపుకొమ్ములు గుడ్డసంచిలో కట్టి ఎవరిచేతనో పంపుతుంది. నేను రాజమండ్రి కాపరానికి వచ్చి పాతికేళ్ళు కావస్తోంది. ఇన్నేళ్ళలో కొట్లో పసుపు కొన్న గుర్తు లేదు.

ఈ ఏడు శివరాత్రి వెళ్ళింది, ఫాల్గుణం కూడా వచ్చింది, సంచి రాలేదు. ఫోను చేస్తే, "పంపుతాలేవే, ఈసారి కాస్త కాలు బాగోలేక ఆలస్యమైంది" అంది.

"పోనీ ఒక పొట్లం కొనుక్కొస్తే పోలా?" అన్నారు మా వారు. మగవారికి అన్ని పసుపులూ ఒకటే. కానీ పొడిగా కొన్న పసుపులో ఏం కలిసిందో దేవుడికే తెలియాలి. బంగ్లాదేశంలో కొమ్ములకు మంచి రంగు రావాలని సీసం కలిసిన పసుపుపచ్చ రంగు పులిమేవారని 2019లో పరిశోధకులు బయటపెట్టారు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ ప్రభుత్వం గట్టిగా పట్టుకోవడంతో 2021 నాటికి అక్కడి బజారులో ఆ బెడద దాదాపు పోయిందట. ఈ సంగతి చదివినప్పటి నుంచీ నాకు పొట్లం మీద మరీ నమ్మకం తగ్గింది. అయినా ఆ రోజు నన్ను పట్టుకున్నది పసుపు బెంగ కాదు. "కాస్త కాలు బాగోలేక" అన్న మాట. అత్తయ్యకు పన్నెండేళ్ళుగా చక్కెరవ్యాధి వుంది.

ఆదివారం పొద్దున్నే కారులో బయలుదేరాం. ధవళేశ్వరం దాటుతుంటే ఎన్నిసార్లు చూసినా మళ్ళీ చూడాలనిపిస్తుంది. కాటన్ దొర 1852లో పూర్తిచేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు కొత్త బ్యారేజి వుంది గాని, నీళ్ళకు ఆ తేడా ఏమీ తెలిసినట్టు లేదు. బొబ్బర్లంక దగ్గర నేల మీదికి దిగామో లేదో గాలి మారిపోయింది. ఇక్కడి నుంచి ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, మధ్యన మనం. లొల్ల లాకుల దగ్గర కాలవ చీలి పాయలై పోతున్న చోట మా వారు కారు ఆపి టీ తాగారు. నాకు తొందరగా వుంది గాని, లొల్ల లాకుల దగ్గర ఆగకుండా పోయిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

రావులపాలెం దాటాక కొబ్బరితోటల నీడలో అక్కడక్కడ పసుపు, కంద వేసిన మళ్ళు కనిపిస్తాయి. పసుపు ఎండలో మాడే పంట కాదు. కొబ్బరాకుల సందుల్లోంచి జారిన ఎండ దానికి చాలు. తొలకరిలో విత్తు కొమ్ము వేస్తే, ఏడు నుంచి తొమ్మిది నెలల్లో ఆకు ఎండి పడిపోతుంది. అప్పుడు తవ్వుతారు. మేము వెళ్ళేటప్పటికి తవ్వకాలు అయిపోయాయి. మళ్ళల్లో ఎండుటాకు మాత్రం మిగిలింది.

కొత్తపేట అనగానే ఈ కాలంవారికి విగ్రహాలు గుర్తుకువస్తాయి. ఆంధ్రదేశంలో కూడళ్ళలో నిలబడిన నాయకులు చాలామంది ఇక్కడి శిల్పుల చేతుల్లో పుట్టినవారే. కాస్త భక్తి వున్నవారు పక్కనే పలివెలలో కొప్పులింగేశ్వరుణ్ణి తలుస్తారు. కానీ వ్యవసాయశాస్త్రం చదువుకున్నవారిని అడిగి చూడండి. పసుపు రకాల జాబితాలో "అమృతపాణి కొత్తపేట" అని ఒక రకం వుంది. అలాగే "కస్తూరి తణుకు" వుంది, అమలాపురం పేరున ఒకటి వుంది. పసుపు అంటే దుగ్గిరాల, నిజామాబాదు అని అందరూ అనుకుంటారు. పెద్ద బజార్లు అక్కడివి కనుక అది నిజమే. జాతీయ పసుపు బోర్డు కూడా 2025లో నిజామాబాదులోనే పెట్టారు. అయితే పేరుపెట్టి పిలిచే గౌరవం మా గోదావరి ఊళ్ళకూ దక్కిందన్న సంగతి అత్తయ్యకు చెబితే, "దక్కక ఏం? జిల్లా పేరు మార్చారు గాని మట్టిని మార్చలేదు గదా" అంది. 2022లో కొత్తపేట తూర్పుగోదావరి నుంచి విడివడి కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. ఆవిడకు అది ఇంకా ఒంటబట్టలేదు.

ఇంటి వాకిట్లో చాపల మీద పసుపుకొమ్ములు ఆరబోసి వున్నాయి. అత్తయ్య అరుగు మీద కుర్చీలో కూర్చుని, కాకుల్ని తోలుతున్నట్టు నటిస్తోంది. నిజానికి కొమ్ముల జోలికి ఏ కాకీ రాదు.

"ఏమర్రా, ఇంత ఎండలో పడి వచ్చారు! మాటమాత్రం చెబితే వంట చేయించేదాన్ని గదటే" అంటూ లేవబోయి, మళ్ళీ కూర్చుంది. ఎడమ పాదానికి పాత పంచె చింపి కట్టిన కట్టు వుంది. కట్టంతా పసుపుపచ్చగా వుంది.

"ఏమిటది అత్తయ్యా?"

"ఏమీ లేదే. కొబ్బరిమట్ట గీసుకుంది. గోరంత పుండు. పసుపూ, వేపనూనే వేస్తున్నా. తగ్గుముఖంలోనే వుంది."

"ఎన్నాళ్ళయింది?"

"శివరాత్రికి ముందు."

"నొప్పి వుందా?"

"అబ్బే, అసలు తెలియడమే లేదు" అంది, అదేదో శుభవార్త అయినట్టు.

మా వారు నా వంక చూశారు. ఇద్దరికీ ఒకటే గుర్తుకువచ్చింది. లోపల పడకగది మూల మావయ్య చేతికర్ర ఇంకా వుంది.

అయితే ఆవిడ దగ్గర ముందుగా ఆ మాట ఎత్తితే ఆ రోజు ఇక మాటే వుండదు. అందుకని వాకిట్లోకి వెళ్ళి కొమ్ముల దగ్గర కూర్చున్నాను. తోటపని చూసే కుర్రాడు ఒకదాన్ని విరిచి చూపించాడు. "టిక్కుమందండి. ఇంకో రెండ్రోజులు ఎండితే సంచిలో పోసేయొచ్చండి, ఆయ్" అన్నాడు. ఈ పని తెలియని పట్నం పాఠకుల కోసం రెండు మాటలు చెబుతాను. తవ్విన పసుపును పచ్చిగా ఎండబెట్టరు. ముందు పెద్ద గంగాళంలో నీళ్ళు పోసి, నురగ పొంగి, ఆ ప్రత్యేకమైన వాసన లేచి, పుల్ల గుచ్చితే మెత్తగా దిగేదాకా ఉడకబెడతారు. దానితో కొమ్ముకు మొలకెత్తే గుణం పోతుంది, రంగు లోపలంతా సమంగా పరుచుకుంటుంది, త్వరగా ఎండుతుంది. తరువాత పది పదిహేను రోజులు ఎండ. అయిదు కిలోల పచ్చి పసుపు ఎండితే సుమారు ఒక కిలో తేలుతుంది. పైన గరుకు పోవడానికి గోనెసంచిలో వేసి ఇద్దరు అటూ యిటూ కుదుపుతారు. మా అత్తయ్యకు వున్నది అయిదు సెంట్ల మడి. తన ఖర్చు లెక్క వేసుకుంటే కొనుక్కోవడమే చవక. ఆ లెక్క ఆవిడకు ఎవరూ చెప్పరు.

అత్తయ్య వంటింటికి పసుపుడబ్బా ఒకటి, వైద్యానికి వేరే డబ్బా ఒకటి. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు ఆ రెండో డబ్బా మూత తీస్తే ఎవరికో ఏదో అయిందని అర్థం. జలుబు చేస్తే పసుపుకొమ్మును దీపం మీద కాల్చి, ఆ పొగ ముక్కుకు పట్టించేది. కళ్ళవెంట నీళ్ళు కారేవి గాని ముక్కు మాత్రం తెరుచుకునేది. దగ్గుకు వేడిపాలలో చిటికెడు పసుపు, నాలుగు మిరియాలపొడి. మోకాలు కొట్టుకుంటే కడిగి పసుపు అద్దేది. బెణికితే పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసేది. పచ్చగా వున్నది సున్నం తగలగానే ఎర్రబడడం చూసి మేము పిల్లలం నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళం. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణీ ఆ కలయికే. ఆటలమ్మ తగ్గి తలంటే రోజున వేపాకూ పసుపూ నూరి ఒళ్ళంతా పూసేది. చేపలు వండే ఇళ్ళలో తోమిన ముక్కలకు ముందుగా ఉప్పూ పసుపూ పట్టించడం మీకు తెలిసిందే. గడపకు రాయడం, పసుపుముద్దను గౌరమ్మను చేయడం వైద్యం కాదు గాని, రెండింటికీ ఒకే డబ్బా.

ఈ నమ్మకం ఊరకే పుట్టింది కాదు. సంస్కృతంలో పసుపుకు హరిద్ర అని పేరు. రాత్రికి వున్న పేర్లన్నీ దానికీ పెట్టారు - నిశ, రజని అని. చరకుడు దీన్ని చర్మవ్యాధులను పోగొట్టేవాటిలోనూ, విషాన్ని విరిచేవాటిలోనూ, ఒంట్లో పేరుకున్న దాన్ని గీకి తీసేవాటిలోనూ చేర్చాడు. సుశ్రుతుడు ఔషధాలను గణాలుగా విభజించినప్పుడు ఒక గణానికి దీని పేరే పెట్టాడు. ఒంటిమీద దద్దుర్లు లేస్తే వైద్యులు ఇచ్చే హరిద్రాఖండం ఇప్పటికీ దొరుకుతుంది. మేహాలకు ఉసిరికా పసుపూ కలిసి శ్రేష్ఠమని వాగ్భటుడు తేల్చాడు. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతూ వుంటుంది: మానుపసుపు అని మూలికల కొట్లో అమ్మేది వేరే చెట్టు మాను. పేరొకటే గాని కులం వేరు.

ఈ కాలపు శాస్త్రజ్ఞులు కూడా పసుపును వదిలిపెట్టలేదు. దాని పచ్చదనానికి కారణమైన కర్క్యుమిన్‌ను 1815లోనే వేరుచేశారు. కొమ్ములో అది నూటికి రెండు మొదలు అయిదు పాళ్ళు వుంటుంది. చిక్కేమిటంటే, మింగితే ఒంటికి పట్టేది బహు తక్కువ. మిరియంలోని పిపెరిన్ తోడైతే ఇరవై రెట్లు ఎక్కువగా రక్తంలో చేరుతుందని 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపించారు. అది చదివిన రోజు అత్తయ్య పాలగ్లాసు గుర్తొచ్చి నవ్వుకున్నాను. అలాగని అది సర్వరోగనివారిణి అని తేలిందా అంటే తేలలేదు. గాజుకుప్పెల్లో చూపిన మహిమ మనుషుల్లో చూపలేదని 2017లో రసాయనశాస్త్రజ్ఞులు గట్టిగానే రాశారు. మాత్రలుగా పెద్ద మోతాదులు మింగిన కొందరికి కాలేయం చెడిన సంగతులూ వున్నాయి. కూరలో వేసుకునే చిటికెడుతో భయం లేదు లెండి.

1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంవారికి "పసుపు వల్ల గాయం మానుతుంది" అన్న సంగతి మీద పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనామండలి అడ్డం తిరిగి, ఇది మాకు కొత్త కాదని పాత గ్రంథాలూ వ్యాసాలూ 32 ఆధారాలు చూపించింది. 1997లో పేటెంటు రద్దయింది. అప్పుడు మావయ్య వున్నాడు. బడిపంతులుగా పనిచేసి విరమించుకున్నాడు. వస్తుగుణదీపిక ఆయనకు కంఠతా వచ్చు. పత్రికలో ఆ వార్త పడినరోజు అరుగుమీద పదిమందిని కూర్చోబెట్టి చదివి వినిపించాడు. "చూశారా, మన మామ్మలందరూ కలిసి అమెరికా మీద దావా గెలిచారు" అన్నాడు.

ఆ మావయ్యకే 2009లో కొత్త చెప్పు కరిచి కాలివేలి మీద పొక్కు లేచింది. ఆయనకూ చక్కెరే. పసుపూ వేపనూనే కలిపి పట్టు వేసుకున్నాడు. నొప్పి లేదు గనుక మానుతోందనుకున్నాడు. ఆ జబ్బు ముదిరితే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి, నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. రోజూ పాత పట్టు మీదే కొత్త పట్టు. మూడువారాల తరువాత వాసన వస్తే కడిగి చూశారు. వేలు నల్లబడి వుంది. ముందు వేలు తీశారు, తరువాత చీలమండ దాకా తీశారు. ఆ కర్రతో నాలుగేళ్ళు నడిచి వెళ్ళిపోయాడు. పసుపు ఆయన్ని ఏమీ చేయలేదు. కానీ పసుపు కప్పిన పుండుకు రంగు కనబడదు. ఎరుపో నలుపో తేల్చేవాళ్ళు లేకపోయారు.

భోజనాలయ్యాక కట్టు విప్పమన్నాను. అత్తయ్య కస్సుమంది. "ఎందుకే? ఆయనకు జరిగిందని నాకూ జరగాలా? ఆయన ఇంగువ వేసినా పసుపని రాసుకునే మనిషి. నేను ఇంట్లో పండించి, నా చేత్తో దంచిన పసుపు రాస్తున్నా."

"పసుపు మంచిదే అత్తయ్యా. నేను పసుపును ఏమన్నా అన్నానా?"

"ఆసుపత్రికి పోదాం అంటావు. అదే గదా నీ ఎత్తు. మీ ఇంగ్లీషు చదువులకు మన వైద్యం ఆనదు."

అప్పుడు నా తెలుగు ఎమ్మే, దాని వెంట పడి నేర్చుకున్న నాలుగు సంస్కృతం ముక్కలూ జీవితంలో మొదటిసారి ఒక పనికి వచ్చాయి. "ఇది ఇంగ్లీషు డాక్టర్ల మాట కాదు, సుశ్రుతుడి మాట" అన్నాను. మధుమేహం వున్నవారికి పుట్టిన వ్రణం మానడం కష్టమని ఆయన స్పష్టంగా చెప్పాడు. పుండుకు చేయవలసిన ఉపచారాలు అరవై అని లెక్కపెట్టాడు. అందులో లేపనాలూ వున్నాయి, కడగడమూ వుంది, చెడినదాన్ని కోసి తీసివేయడమూ వుంది. పైన పూసి కూర్చోమని ఆయన ఎక్కడా అనలేదు. "నువ్వు అరవైలో ఒకటే చేశావు అత్తయ్యా. మిగతావి ఎవరు చేస్తారు?"

ఆవిడ మాట్లాడలేదు. సుశ్రుతుడితో వాదించడం ఎలాగో తెలియక కాబోలు.

నేను ఇంకో మాట కూడా చెప్పాను. ఈ గోదావరి నేలలోనే, పశ్చిమగోదావరి మాధవరంలో 1880లో పుట్టిన ఆచంట లక్ష్మీపతిగారు ముందు ఇంగ్లీషు వైద్యం చదివి, తరువాత ఆయుర్వేదం నేర్చి, మద్రాసులో ఆయుర్వేద కళాశాల నడిపారు. ఆ కళాశాలలో కొన్నాళ్ళు శరీరశాస్త్రం చెప్పినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అమెరికా వెళ్ళి ఒక పరిశోధనశాలకు పెద్దయ్యాక, ఆయన అజమాయిషీలో డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశాడు. 1948లో అది లోకానికి వచ్చింది. చీము పట్టిన పుళ్ళనూ, జ్వరాలనూ లొంగదీసిన తొలి మందుల్లో అదొకటి. దాని రంగు బంగారు పసుపు. ఆ రంగును బట్టే దానికి ఆ పేరు పెట్టారు.

"అదీ పసుపేనా?" అంది అత్తయ్య.

"రంగు అదే."

"భీమవరం కుర్రాడా?"

"అవును."

కాసేపు కొబ్బరాకుల వంక చూస్తూ కూర్చుంది. తరువాత పాదం ముందుకు చాపి, "విప్పు. వేడినీళ్ళు తెమ్మను" అంది. పసుపంతా కడిగేటప్పటికి రెండు చెంబులు పట్టింది. పుండు గోరంత లేదు. రూపాయి బిళ్ళంత వుంది. అంచుల చుట్టూ ఎర్రగా కమిలి, నడుమ లోతుగా వుంది. నలుపు మాత్రం లేదు. మా వారు ఒక్క మాటా అనకుండా లేచి వెళ్ళి కారు అరుగు దగ్గరికి తెచ్చారు.

బయలుదేరే ముందు ఆవిడ కుర్రాణ్ణి పిలిచి కొమ్ముల గురించి పావుగంట అప్పగింతలు పెట్టింది. ఎండిన వరకు ఏరించి సంచిలో పోయించి, సంచిని ఒళ్ళో పెట్టుకునే కారెక్కింది. మూలనున్న కర్ర తీసుకోమంటే ససేమిరా వద్దంది. నా భుజం పట్టుకుని దిగింది.

ఆ సాయంత్రమే రాజమండ్రిలో డాక్టరుకు చూపించాం. చెడిన కండ తీసి శుభ్రం చేశారు, రక్తంలో చక్కెర చూసి మందు మార్చారు, పాదం మీద బరువు మోపవద్దన్నారు. ఇంకో పది రోజులు ఆగివుంటే ఎముకకు పాకేదని చెప్పారు. "దీని మీద ఏం రాశారమ్మా?" అని డాక్టరు అడిగితే అత్తయ్య నేల చూస్తూ, "పసుపు నాయనా. ఇంట్లో పండింది" అంది. ఆయన నవ్వి, కూరలో వేసుకోండి, దీని మీద మాత్రం నేను చెప్పేదాకా ఏమీ వేయకండి అన్నారు.

నెల రోజులైంది. అత్తయ్య మా యింట్లోనే వుంది. రోజు విడిచి రోజు కట్టు మారుస్తున్నారు. రూపాయి బిళ్ళ పావలా బిళ్ళయింది. ప్రతి రాత్రీ రెండు పాదాలూ దీపం దగ్గర చాపి, అరికాళ్ళు కనిపించవు గనుక చేతి అద్దం పట్టుకుని చూసుకుంటుంది. డాక్టరు చెప్పిన పని అది. సంచిలో కొమ్ములు నిన్న దంచించాను. కుర్చీలో కూర్చుని, జల్లెడ సన్నంది కాదని, మొదటి దంపు పొడిలో రెండో దంపు కలిపేశానని ఆవిడ నన్ను కేకలేస్తూనే వుంది.